రెండు వాయిద్యాలు, పది పాటలు: మా తొలి ఆల్బమ్ పని డైరీ

1వ రోజు

మేమిద్దరం కలిసి వాయించడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. నేను గిటారు వాయిస్తూ పాడతాను, ఆమె డ్రమ్స్ వాయిస్తుంది. మూడో మనిషి లేరు, బేస్ గిటారు లేదు. ఈ రోజు నుంచి తొలి ఆల్బమ్ రికార్డింగు మొదలవుతోంది కనుక, ఏ నిర్ణయం ఏ కారణంతో తీసుకున్నామో తర్వాత మాకే గుర్తుండాలని ఈ డైరీ రాస్తున్నాను.

మా ఇద్దరి తీరుకూ పోలిక లేదు. ఆమె చిన్నతనం నుంచి నొటేషన్ చదివి, టిక్కుటిక్కుమని తాళం చెప్పే మెట్రోనోమ్‌ను దగ్గర ఉంచుకుని సాధన చేసిన మనిషి. ప్రతి పాటకూ ఆమె దగ్గర ఒక కాగితం ఉంటుంది. పల్లవికి ఎన్ని బార్లు (తాళం ఒక్కో ఆవృత్తం), చరణానికి ఎన్ని, ఏ బార్‌లో సింబల్ (లోహపు పళ్లెం) దెబ్బ పడాలి అన్నవి అందులో పెన్సిలుతో రాసి ఉంటాయి. నేను విని నేర్చుకున్నవాణ్ని. పాట కట్టేటప్పుడు మాట ఎక్కడ ఆగితే అక్కడే గిటారూ ఆపుతాను, అందువల్ల నాలుగు బీట్ల బార్ల మధ్య ఉన్నట్టుండి రెండు బీట్ల బార్ ఒకటి వచ్చి పడుతుంది. అది పడిందని నాకు తెలియదు. ఆమె కాగితం మీద చూపిస్తేనే తెలుస్తుంది.

మా దగ్గర పద్నాలుగు పాటలున్నాయి. వాటిలో పది తీసుకుని, మొత్తం 38 నిమిషాలకు మించకూడదని అనుకున్నాం. ఎల్పీ (సూదితో మోగే వినైల్ రికార్డు) కూడా వేయించాలని ఉంది కనుక ఈ లెక్క పెట్టుకున్నాం. నిమిషానికి 33⅓ సార్లు తిరిగే పన్నెండు అంగుళాల రికార్డులో ఒక వైపు ఇరవై నిమిషాలు దాటేకొద్దీ గాడులను దగ్గర దగ్గరగా చెక్కాలి, దాంతో ధ్వని స్థాయి తగ్గించక తప్పదు. వైపుకు 19 నిమిషాలైతే కాలితో వాయించే పెద్ద డ్రమ్‌కు, అంటే మా కిక్ డ్రమ్‌కు కావలసిన చోటు దొరుకుతుంది. పాటల వరుస కూడా ఇప్పుడే తేల్చాం: రెండు వైపులా చివరి పాట నెమ్మదిగా, తక్కువ సద్దుతో ఉండాలి. గాడి లోపలికి వెళ్లేకొద్దీ సూది కింద దాని వేగం తగ్గుతుంది. బయటి అంచున సెకనుకు దాదాపు అర మీటరు ఉండేది, లోపలి అంచుకు వచ్చేసరికి 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అక్కడ గట్టి పాట పెడితే "స", "ష" అక్షరాలు చిరిగినట్లు వినిపిస్తాయి.

3వ రోజు

రెండు రోజులూ గదితోనే సరిపోయింది. డ్రమ్స్ పెట్టిన గది వెడల్పు మూడు మీటర్లు. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు అనుకుంటే, మూడు మీటర్ల దూరంలో నిలిచిపోయే తరంగం 57 హెర్ట్జ్ (సెకనుకు 57 కంపనాలు) దగ్గర వస్తుంది. మా కిక్ డ్రమ్ మోత కూడా అక్కడే ఉంది. గోడకు ఆనించి పెట్టినంతసేపూ ప్రతి దెబ్బకూ గది మూలుగుతున్నట్లు ఒక బరువైన శబ్దం వెంట లాక్కుని వచ్చింది. సరిగ్గా నడిమికి జరిపితే ఆ బరువు మొత్తం మాయమై, అట్టపెట్టె మీద కొట్టినట్లు వినిపించింది. వెడల్పులో మూడో వంతు దగ్గర పెట్టి, మూలల్లో మందపాటి దుప్పట్లు నిలబెట్టాక ఆ దెబ్బ మొదలూ చివరా ఉన్న శబ్దంగా మారింది.

డ్రమ్స్ పైన ఉండే ఓవర్‌హెడ్ మైకులు రెంటినీ స్నేర్ (అడుగున తీగల పట్టీ ఉన్న డ్రమ్) నడిబొడ్డు నుంచి టేపుతో కొలిచి సమాన దూరంలో పెట్టాం. మొదట కంటి అంచనాతో పెట్టినప్పుడు ఒకటి 20 సెంటీమీటర్లు దూరంగా ఉంది. ఇంతేగా అనిపించే ఆ తేడా వల్ల ఒక మైకుకు శబ్దం అర మిల్లీసెకనుకు పైగా ఆలస్యంగా చేరుతుంది, రెంటినీ కలిపితే 860 హెర్ట్జ్ ప్రాంతంలో తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, స్నేర్ పలచబడిపోతుంది. ఆమె టేపు తీసినప్పుడు నాకు కొంచెం విసుగు పుట్టిన మాట నిజం. మైకు జరిపాక అదే స్నేర్ విని, టేపు మడిచి ఆమె చేతికిచ్చాను.

ఇంకో చిక్కు నా వైపు నుంచి వచ్చింది. మూడో తీగను ఖాళీగా మీటినప్పుడల్లా, అంటే 196 హెర్ట్జ్ జి స్వరం పలికినప్పుడల్లా, ఎవరూ ముట్టని స్నేర్ కిందనున్న తీగల పట్టీ జలజలమని కదిలేది. స్నేర్ అడుగు చర్మం ఆ స్వరానికి దగ్గరగా బిగించి ఉంది కనుక గిటారు ఆంప్ (ధ్వని పెంచే పెట్టె) శబ్దం గాలిలోంచి వచ్చి దాన్ని కదిలిస్తోంది. ఆమె వంగి, అడుగు చర్మం చుట్టూ ఉన్న బోల్టులను తాళంచెవితో పావు చుట్టు, పావు చుట్టు చొప్పున ఎదురెదురుగా బిగిస్తూ పోయింది. నేను ఆ స్వరాన్నే మళ్లీ మళ్లీ మీటుతూ కూర్చున్నాను. ఆరో విడతకు జలజల బాగా తగ్గింది. మిగిలిన కాస్తకూ ఆంప్‌ను పక్క గదిలోకి మార్చాం. ఆ పావుగంటలో ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు, కానీ మూడేళ్లలో ఒకరి వాయిద్యాన్ని మరొకరు అంత శ్రద్ధగా విన్నది అప్పుడేనేమో.

7వ రోజు

ఐదో పాట దగ్గర మూడు రోజులు ఆగిపోయాం. క్లిక్ ట్రాక్ (చెవిలో తాళం కొట్టే టిక్కు శబ్దం) పెట్టుకుని వాయించాలని ఆమె, పెట్టవద్దని నేను. ఆమె వాదనలో బలముంది: క్లిక్ ఉంటే ఒక టేక్‌లోని (ఒకసారి వాయించి రికార్డు చేసినదానిలోని) చరణాన్ని ఇంకో టేక్‌లోని పల్లవికి అతికించవచ్చు, తర్వాత ఏది చేర్చాలన్నా గీత గీసినట్లు కుదురుతుంది. అందుకే ఒప్పుకున్నాను. నిమిషానికి 120 బీట్ల వద్ద పదిహేను టేకులు చేశాం. ఒక్కదానిలోనూ తప్పు లేదు, ఒక్కటీ మళ్లీ వినాలనిపించలేదు. పల్లవి వచ్చే చోట గుండె పైకి లేవాలి, అది లేవడం లేదు.

క్లిక్ తీసేసి వాయిస్తే పాటకు ప్రాణం వచ్చింది గానీ మూడో నిమిషానికి ఇద్దరం పట్టు తప్పిపోయాం. తప్పు నాదేనని ఆమె అంది, నేను కూడా అదే అనుకున్నాను. పరుగెత్తేది నేను, నిలబెట్టేది ఆమె అని మా ఇద్దరికీ మొదటి నుంచీ ఉన్న నమ్మకం.

ఆ రాత్రి ఆమె పాత రిహార్సల్ రికార్డింగు ఒకటి తీసింది. ఫోనులో రికార్డు చేసినది, మా ఇద్దరికీ నచ్చినది. దాన్ని కంప్యూటరులో వేసి, ప్రతి బార్ మొదటి బీట్ దగ్గర గుర్తు పెడుతూ, బార్ బార్‌కూ వేగం ఎంతో లెక్కకట్టింది. చరణాలు 118 దగ్గర నడుస్తున్నాయి, పల్లవి 123 దగ్గర. ఆ మార్పు ఎక్కడ జరుగుతోందో చూడటానికి చివరి బార్‌ను పెద్దది చేసి చూస్తే, చరణం చివర స్నేర్ నుంచి ఫ్లోర్ టామ్‌కు (నేల మీద నిలబడే డ్రమ్‌కు) దిగే ఫిల్‌లో, అంటే రెండు భాగాలను కలిపే చిన్న డ్రమ్స్ వరుసలో, ఆమె చేతులే ముందుకు దూకుతున్నాయి. నా గిటారు అప్పటికింకా 118లోనే ఉండి, పల్లవి మొదటి బీట్‌కు ఆమెను అందుకుంటోంది. ఆమె ఆ గీతల వంక చాలాసేపు చూసి, "ఇది నేనా?" అని మెల్లగా అడిగింది.

ఈ సంగతి తెలిశాక పని సులువైంది. ఆ రిహార్సల్‌లో ఉన్న వేగాలనే తీసుకుని, పాట నడకకు తగ్గట్లు మారే క్లిక్ తయారుచేశాం: చరణానికి 118, ఫిల్ ఉన్న బార్‌లో మెల్లగా పెరుగుదల, పల్లవికి 123, చివరి చరణానికి మళ్లీ 118. కొలత విషయంలో ఆమె కోరినదీ కదలిక విషయంలో నేను కోరినదీ రెండూ అందులో ఉన్నాయి. రెండో టేక్‌నే ఉంచుకున్నాం. మిగతా పాటల్లో నాలుగింటికి ఇదే పద్ధతి పాటించాం, మూడు పూర్తిగా క్లిక్ లేకుండా, రెండు నిలకడైన క్లిక్‌తో వాయించాం.

10వ రోజు

బేస్ లేని లోటు గురించి. గిటారు అడుగు తీగ ఇ స్వరం 82.4 హెర్ట్జ్, బేస్ గిటారులో అదే తీగ దానికి సగం, 41.2 హెర్ట్జ్. ఆ మధ్య ఉన్న చోటు మా పాటల్లో ఖాళీ. ఇద్దరే ఉన్న రాక్ బృందాలు దీన్ని తలో విధంగా ఎదుర్కొన్నాయి. 1997లో డెట్రాయిట్‌లో మొదలైన ది వైట్ స్ట్రైప్స్ ఆ ఖాళీని ఖాళీగానే ఉంచి, దాన్నే తమ ధ్వనిగా చేసుకుంది. ఇంగ్లండు బృందం రాయల్ బ్లడ్ ఎదురు దారి పట్టి, గిటారునే వదిలేసి, బేస్‌ను పెడల్స్ (కాలితో నొక్కి ధ్వనిని మార్చే పరికరాలు) గుండా పంపి రెండు పనులూ చేయించింది. ఎవరి దారి వారికి నప్పింది, మాకు నప్పేది వెతుక్కోవలసి వచ్చింది.

మీటిన స్వరానికి కింది స్థాయిని చేర్చే ఆక్టేవ్ పెడల్ మొదట ప్రయత్నించాం. ఒక్కొక్క స్వరం మీటినప్పుడు కింది స్థాయి స్వరాన్ని చక్కగా పట్టుకుంటుంది; కార్డ్ (కలిపి మోగే కొన్ని స్వరాలు) కొట్టగానే ఏ స్వరాన్ని పట్టుకోవాలో తెలియక తడబడి గొగ్గోలు పెడుతుంది. మా పాటల్లో కార్డులే ఎక్కువ కనుక దాన్ని పక్కన పెట్టాం. చివరికి గిటారు మొత్తాన్ని ఒక స్వరం కిందికి శ్రుతి చేశాను. అడుగు తీగ ఇప్పుడు డి, 73.4 హెర్ట్జ్. ఆ సిగ్నల్‌ను రెండుగా చీల్చి, ఒకటి చిన్న గిటారు ఆంప్‌కు, రెండోది పై శబ్దాలు కోసేసిన బేస్ ఆంప్‌కు పంపాం. రెండు ఆంపుల ముందూ షూర్ ఎస్ఎం57 మైకులే, 1965 నుంచి గిటారు ఆంపుల ముందు నిలబడుతున్నవే. రెండు ట్రాకులూ కలిపినప్పుడు ధ్వని బలపడాల్సింది పోయి సన్నబడింది. ఒక ఆంప్ తరంగాన్ని తలకిందులు చేస్తోందని గ్రహించి, ఆ ట్రాక్ పొలారిటీ తిప్పగానే బరువు వచ్చి కూర్చుంది. 60 హెర్ట్జ్ కింద మాత్రం గిటారును ఏమీ ఉంచలేదు. ఆ చోటు కిక్ డ్రమ్‌ది.

14వ రోజు

పాడటం నాలుగు రోజుల్లో ముగిసింది. రోజుకు రెండు గంటలకు మించి పాడలేదు, ఎందుకంటే మూడో గంటలో గొంతు పట్టేస్తే మర్నాడు కూడా పాడలేను. మైకుకు జానెడు దూరంలో నిలబడ్డాను. ఇంకా దగ్గరికి వెళ్తే కింది శబ్దాలు ఉబ్బి, గిటారు కోసం పడిన కష్టమంతా గొంతు కింద పడిపోతోంది. ఎనిమిదో పాటను ఆమెతో పాడించాను. తాను పాడలేనని ఆమె చాలాసార్లు అన్నది గానీ, అలంకారాలేవీ లేకుండా ఒక్కో మాటనూ దాని బీట్ మీద దించుకుంటూ పోయే ఆ గొంతు ఆ పాటకు ఎంతో నప్పింది. నేను పాడితే సాగదీసేవాణ్ని.

18వ రోజు

ఈ రోజు జరిగిన పొరపాటు ఏడో పాట రూపాన్నే మార్చింది, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మేము 24 బిట్లలో, 48 కిలోహెర్ట్జ్ వద్ద రికార్డు చేస్తున్నాం. డ్రమ్స్ సవరించడానికి ఆమె ఫైళ్లను తన కంప్యూటరుకు తీసుకెళ్లింది. అక్కడ తెరిచిన ప్రాజెక్టు 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉంది. సాఫ్ట్‌వేర్ ఫైళ్లను మార్చకుండా యథాతథంగా తీసుకుంది, అంటే సెకనుకు 48,000 నమూనాలుగా వినవలసిన శబ్దాన్ని 44,100 చొప్పున వినిపించింది. వేగం 8 శాతం పైచిలుకు తగ్గింది, స్థాయి దాదాపు ఒకటిన్నర సెమీటోన్ దిగింది. 120 బీట్ల పాట 110 అయింది. పాట మొదలైన నాలుగు బార్లలోనే ఆమె పట్టేసింది. ఆ లెక్క ఆమె ఒంట్లోనే ఉంది.

మామూలుగా అయితే సెట్టింగు సరిచేసి ముందుకు పోయేవాళ్లం. ఆ రాత్రి ఆమె ఆ నెమ్మది రూపాన్నే నాకు పంపింది. స్నేర్ లోతుగా, తడి నేల మీద అడుగు వేసినట్లు పడుతోంది. సింబల్స్ మోత నిదానంగా ఆరుతోంది. ఆ పాట మాటలు ఒక మనిషి వెళ్లిపోయిన తర్వాతి ఇంటి గురించి. దాన్ని ఇన్నాళ్లూ అంత హడావిడిగా ఎందుకు పాడుతున్నానో నాకే అర్థం కాలేదు.

ఫైళ్లను సాగదీసి వాడుకోవచ్చు గానీ, అలా చేస్తే చేతి కదలికలు కూడా సాగినట్లే వినిపిస్తాయి. కనుక స్నేర్, టామ్‌లను నిజంగానే కిందికి శ్రుతి చేసి, 110 దగ్గర కొత్తగా వాయించాం. నెమ్మదిగా వాయించడం ఆమెకు వేగంగా వాయించడం కంటే కష్టమైంది. రెండు దెబ్బల మధ్య దూరం పెరిగితే చిన్న తొందర కూడా బయటపడుతుంది. పదకొండు టేకులు పట్టింది. ఇద్దరి ప్రాజెక్టు సెట్టింగులనూ ఒకే కాగితం మీద రాసి గోడకు అంటించాం. ప్రతి రోజు చివర ఫైళ్లకు రెండు వేర్వేరు డ్రైవులలో నకళ్లు తీయడం కూడా అప్పటి నుంచే మొదలైంది.

27వ రోజు

మిక్సింగ్‌లో, అంటే ట్రాకులన్నీ కలిపి వాటి స్థాయిలు కుదర్చడంలో, తొమ్మిది రోజులు గడిచాయి. మేము గొడవపడిందంతా నేను అదనంగా చేర్చిన గిటారుల గురించే. రికార్డింగు ముగిశాక ఒంటరిగా కూర్చుని మూడో పాటకు నాలుగు, ఆరో పాటకు మూడు, పదో పాటకు ఐదు గిటారు ట్రాకులు చేర్చాను. ఒక్కొక్కటిగా వింటే అన్నీ బాగున్నాయి. ఆమె వాటిని విని, "ఇందులో నేను ఎక్కడున్నాను?" అని అడిగింది.

నేను వెంటనే డ్రమ్స్ స్థాయి పెంచి చూపించాను, ఆమె అడిగింది అది కాదు. ఇద్దరే ఉన్నప్పుడు గిటారు ఆగిన చోట హై-హ్యాట్ (కాలితో కదిలించే సింబల్ జత) సగం తెరిచి మూసే చిన్న శబ్దం కూడా పాటను మోస్తుంది. మూడో పాట రెండో చరణంలో ఆమె అలాంటిదే ఒకటి చేసింది: ప్రతి రెండో బార్ చివర హై-హ్యాట్‌ను కాలితో ఒకసారి విడిచి పట్టుకుంటుంది, ఒక ఊపిరి పీల్చినట్లు ఉంటుంది. అది వాయించేటప్పుడు ఆమె పెదవులు బిగించుకోవడం నాకు తెలుసు. నేను చేర్చిన రెండో గిటారు సరిగ్గా అదే చోట, అదే శబ్ద ప్రాంతంలో మీటుతోంది. దాన్ని మ్యూట్ చేసి మళ్లీ విన్నాను. ఆ ఊపిరి తిరిగి వచ్చింది.

ఆ సాయంత్రం ఒక నియమం రాసుకున్నాం: వేదిక మీద ఇద్దరం చేయలేనిది ఆల్బమ్‌లోనూ ఉండదు. నియమాన్ని అక్షరాలా పాటిస్తే ఎనిమిదో పాటలోని రెండు గొంతుల వరసా, పదో పాట చివరి తెరలాంటి గిటారూ పోతాయి. ఆ రెండూ ఆమే ఉంచమంది. మిగిలినవి తీసేశాను. మర్నాటికి వాటిలో ఒకటి తప్ప దేనికీ బెంగ పడలేదు. ఆరో పాటలోని ఆ ఒక్క స్వరం ఇప్పటికీ నా చెవిలో ఉంది, అయినా అది అక్కడ లేకపోవడమే సరైనది.

రెండు ఆంపులను చెరో వైపుకూ పంపి, కిక్, స్నేర్, గొంతు నడిమిన ఉంచాం. కింది శబ్దాలన్నీ మోనోలోనే (రెండు వైపులా ఒకేలా) ఉన్నాయి, లేకపోతే రికార్డు మోగించేటప్పుడు సూది గాడి దాటే ప్రమాదం ఉంది. రెండు మిక్సులను పోల్చేటప్పుడు ముందు వాటి స్థాయి సమానం చేయడం ఆమె పెట్టిన పద్ధతి. కాస్త గట్టిగా వినిపించేదే చెవికి మెరుగ్గా తోస్తుంది, ఆ భ్రమలో పడి ఇంతకు ముందు రెండు మిక్సులు పాడుచేసుకున్నాను.

36వ రోజు

మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి ధ్వని సవరణ) బయటి వ్యక్తికి అప్పగించాం. ఇన్ని వారాలు విన్న చెవులతో మేము తీర్పు చెప్పలేం. ధ్వని పెంచి చదును చేయవద్దని ముందే కోరాం. స్పాటిఫై వంటి వేదికలు పాటలను సుమారు -14 లఫ్స్ (చెవికి తోచే గట్టిదనం కొలత) స్థాయికి తెచ్చి వినిపిస్తున్నప్పుడు, అంతకంటే గట్టిగా నొక్కిన పాటను వెనక్కి దించేస్తాయి; గట్టిదనం దక్కదు, నొక్కుడు మాత్రం మిగులుతుంది. ట్రూ పీక్ (తరంగం నిజంగా చేరే గరిష్ఠ స్థాయి) -1 డెసిబెల్ దాటకుండా ఉంచారు. సీడీ కోసం 16 బిట్లకు దించేటప్పుడు డిథర్ (వికృతిని కప్పే అతి సన్నని సద్దు) కలిపారు, ఎల్పీకి వేరే మాస్టర్ చేశారు. నాలుగో పాటలో నా "స"కారాలు పదునుగా ఉన్నాయని ఒక్క ఫిర్యాదు వచ్చింది. నిజమే. మిక్స్‌లో సరిచేసి మళ్లీ పంపాం.

41వ రోజు

కాగితాల పని. ప్రతి రికార్డింగుకూ దాన్ని గుర్తించే 12 అక్షరాంకెల ఐఎస్ఆర్‌సీ సంకేతం, ఆల్బమ్ మొత్తానికి ఒక బార్‌కోడ్, 3000 పిక్సెళ్ల చదరపు ముఖచిత్రం సిద్ధం చేసుకున్నాం. 2015 జూలై నుంచి ప్రపంచమంతటా కొత్త ఆల్బమ్‌లు శుక్రవారమే వస్తున్నాయి కనుక మేమూ శుక్రవారమే ఎంచుకున్నాం. ఫైళ్లు నాలుగు వారాల ముందు పంపాం; ప్లేలిస్టుల సంపాదకులకు పాట చూపించాలంటే కనీసం వారం ముందు అది వ్యవస్థలో ఉండాలి, ఆఖరి నిమిషంలో తేలే తప్పులకూ సమయం కావాలి.

పాటల హక్కుల పంపకం గురించి నేనే ముందు మాట ఎత్తాను. మాటలూ బాణీలూ నావి కనుక ఎక్కువ భాగం నాకే రావాలని ఆమె అంది. ఐదో పాట పల్లవి లేవడం ఆమె చేతుల్లోంచి వచ్చింది, ఏడో పాట నడక ఆమె పట్టిన పొరపాటులోంచి వచ్చింది. పది పాటలకూ సగం సగం అని రాసి, ఇద్దరం సంతకాలు చేసి, చెరో ప్రతి ఉంచుకున్నాం. స్నేహం బాగున్నప్పుడే రాసుకోవలసిన కాగితం ఇది.

ఎల్పీ నమూనా ప్రతి వచ్చింది. రెండో వైపు చివరి పాట దాకా చెవులు రిక్కించి విన్నాం; చిరుగు లేదు. మొదటి వైపు రెండో పాటలో ఒక టిక్కు వినిపించింది. రెండో ప్రతిలో లేదు, అంటే ఆ ఒక్క ప్రతిలోని దుమ్మే. ముద్రణకు ఒప్పుకున్నాం.

విడుదల రోజు

ఉదయమే పది పాటలూ సరైన వరుసలో, సరైన పేర్లతో ఉన్నాయో లేదో చూసుకున్నాం. ఎనిమిదో పాట కింద గాయనిగా ఆమె పేరు ఉంది. తర్వాత డ్రమ్స్ గదికి వెళ్లాం, ఎందుకంటే వచ్చే వారం వేదిక మీద ఈ పాటలు వాయించాలి, ఏడో పాటను కొత్త వేగంలో రికార్డింగు తర్వాత మేము ఒక్కసారి కూడా మొదటి నుంచి చివరి దాకా కలిసి వాయించలేదు. ఆమె కాగితం తీసి స్టాండు మీద పెట్టింది, 120 కొట్టేసి 110 అని రాసింది. క్లిక్ పెట్టమంటావా అని అడిగాను. వద్దని చెప్పి, కర్రలు రెండూ తాకించి నాలుగు లెక్కపెట్టింది.